అడవి మందు తెలిసిన పెద్దాయన విద్యను వీడియో తీసి అందరికీ అందుబాటులో పెట్టవచ్చా?

మీరు అడిగిన విషయాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీది ఎర్రావారిపాలెం మండలంలో తలకోన దారిలో ఉన్న పల్లె, ఇప్పుడు బెంగళూరులో పనిచేస్తున్నారు. ఊరి చివర యానాది గిరిజనుల కాలనీలో ఉండే పెద్దాయన పాముకాటుకు, కామెర్లకు, బాలింతలకు, పశువులకు మందు ఇస్తాడు. ఆయనకు 70 ఏళ్లు దాటాయి. కొడుకులిద్దరూ తిరుపతిలో కూలిపనికి వెళ్తున్నారు కనుక ఆ విద్య ఇంట్లో ఎవరికీ రాలేదు. ఆయనతోపాటే అది పోతుందన్న భయంతో మందులన్నింటినీ మొక్కల పేర్లతో సహా వీడియో తీసి అందరికీ ఉచితంగా అందించాలని మీ ఆలోచన. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే మీ బంధువుల పనిని కూడా ఇదే పద్ధతిలో నమోదు చేయవచ్చా అని చివర్లో అడిగారు.

నేను తిరుపతిలో వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. మొక్కల నమూనాల కోసం సుమారు 30 ఏళ్లు శేషాచలం కొండల్లో యానాదుల వెంట నడిచాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: నమోదు తప్పకుండా చేయండి, కానీ దానిని ఆన్‌లైన్‌లో పెట్టకండి. ఆ పనిని కెమెరాతో మొదలుపెట్టడం కూడా నాకు సమ్మతం కాదు. కలంకారీ విషయం పూర్తిగా వేరు, దానికి వేరే సమాధానం చివర్లో చెబుతాను.

ముందుగా మీరు కాపాడాలనుకుంటున్నది ఏమిటో నిదానంగా చూద్దాం. చాలామంది నాటు వైద్యమంటే ‘ఫలానా ఆకు, ఫలానా మోతాదు’ అనే పట్టికగా భావిస్తారు. నేను కూడా మొదటి నాలుగైదేళ్లు అలాగే భావించి నోటు పుస్తకాలు నింపాను. మామండూరు వైపు నాతో నడిచిన ఒక పెద్దాయన ఒకే మొక్క దగ్గర రెండుసార్లు ఆగి, ఒకసారి వేరు తీసుకుని, మరోసారి వద్దని వెళ్లిపోవడం చూశాకే నా పొరపాటు తెలిసింది. అడిగితే, పూత మీద ఉన్నప్పుడు వేరులో పస ఉండదని, కాయ ఎండిన తరువాత తవ్వితే గింజ అక్కడే రాలి మళ్లీ మొలుస్తుందని చెప్పాడు. ఆ ఒక్క మాటలో మందు గుణమూ ఉంది, అడవిని తరువాతి ఏడాదికి మిగిల్చే జాగ్రత్తా ఉంది. రోగి కళ్లు, నాలుక, మూత్రం రంగు అడిగి తెలుసుకోవడం, పత్యం చెప్పడం, మూడు రోజులకు తగ్గకపోతే ఇక తన వల్ల కాదని ఒప్పుకోవడం కూడా ఆ విద్యలో భాగాలే. ఇవేవీ పట్టికలోకి రావు, అయిదు నిమిషాల వీడియోలోకి అసలే రావు.

మొక్కల పేర్ల సంగతి ఇంకా చిక్కైనది. నేల ఉసిరి అనే పేరుతో మన జిల్లాలో కనీసం రెండు మూడు దగ్గరి జాతులను పిలుస్తారు. పెద్దాయన వాటిని కాడ రంగును బట్టి, కాయకు తొడిమ ఉందా లేదా అనే దానిని బట్టి వేరుచేస్తాడు. వీడియో చూసినవారికి ఆ తేడా కనిపించదు. పేరు విని ఏదో ఒకటి పీకి నూరుకుని తాగుతారు.

ఇక రహస్యం గురించి. ‘మందు చెబితే పనిచేయదు’ అనే మాటను మీరు ఆయన నోటనే విని ఉంటారు. చదువుకున్నవారు దీనిని మూఢనమ్మకమని కొట్టిపారేస్తారు. నాకు మాత్రం అది ఒక కట్టుబాటుగా కనిపిస్తుంది. మందును అమ్ముకోకూడదు, ధర చెప్పకూడదు, రోగి తాంబూలంలో పెట్టిన దానినే తీసుకోవాలి, ఓర్పు ఉన్నవాడికే చెప్పాలి అనే నియమాలన్నీ ఆ ఒక్క నమ్మకం చుట్టూ అల్లుకుని ఉన్నాయి. ఆ కట్టుబాటు వల్లే అర్ధరాత్రి తలుపు తట్టినా ఆయన లేచి వస్తాడు. ఆ కట్టుబాటు వల్లే ఆయన ఇల్లు ఈనాటికీ రేకుల పాకగా ఉంది. కొడుకులు తండ్రి విద్యను వదిలి తిరుపతిలో మేస్త్రీ దగ్గర కూలికి పోవడంలో తప్పేమీ లేదు, వారి లెక్క వారికి సరిగానే ఉంది. విద్య పోవడానికి అసలు కారణం ఆ లెక్కలో ఉన్నందువల్ల కెమెరా దానిని మార్చలేదు.

నా తప్పు ఒకటి ఇక్కడ చెప్పడం అవసరం. 1990ల చివర్లో ఒక పత్రికకు మన కొండల మందు మొక్కల మీద వ్యాసం రాశాను. అందులో మారేడు కొమ్ముల గురించి ఉత్సాహంగా రాస్తూ, అవి దట్టంగా ఉన్న ఒక లోయ పేరు కూడా ఇచ్చాను. తిరుపతి వీధుల్లో నన్నారి షర్బత్తుకూ, ఊరగాయకూ అమ్మే సువాసన గల ఆ దుంపలు మీకు తెలిసినవే. ఆ తీగ రాళ్ల సందుల్లో నెమ్మదిగా పెరుగుతుంది, అమ్మకానికి పనికొచ్చేది దాని వేరే కనుక తవ్విన ప్రతిసారీ మొక్క చచ్చిపోతుంది. యానాదులు ఒక పాదులో కొన్ని వేర్లు తీసి కొన్ని వదిలి మట్టి కప్పేవారు. నా వ్యాసం వచ్చిన తరువాతి వేసవిలో ఎవరో బయటివారు మనుషులను పెట్టించి ఆ లోయను గడ్డపారలతో తిరగేశారు. నాకు ఆ చోటు చూపిన మనిషి నన్ను ఒక్క మాట కూడా అనలేదు, కానీ ఆ తరువాత రెండేళ్లు ఆయన నన్ను తెలిసిన బాటల్లోనే తిప్పాడు. కొత్త చోటు ఒక్కటి కూడా చూపలేదు. ఉచితంగా అందరికీ అందుబాటులో పెట్టాలన్న మీ మాట చదవగానే నాకు ఆ లోయ గుర్తుకు వచ్చింది.

శేషాచలంలో ఇలా పోగొట్టుకోకూడనివి చాలా ఉన్నాయి. ఎర్రచందనం, జాలారి, తెల్ల కరక, మొగి, కొండ సాంబ్రాణి వంటివి ప్రపంచంలో ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే, కొన్నయితే దాదాపు ఈ కొండల వరకే పెరిగే చెట్లు. 1989లో ఇక్కడ శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఏర్పడింది, 2010లో శేషాచలాన్ని జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. చెట్లకు ఇది మేలే. అయితే ఎర్రచందనం దొంగల కోసం వేసిన కాపలాలో బుట్ట, కొడవలి పట్టుకుని వేరు కోసం వెళ్లే యానాది కూడా అనుమానితుడే అవుతాడు. ఎరుకలవారినీ, యానాదులనూ బ్రిటిషు పాలకులు నేరస్థ తెగల చట్టం కిందికి తెచ్చారు. ఆ చట్టం 1952లో రద్దయినా చూసే చూపు పూర్తిగా మారలేదు. మీ పెద్దాయన మందుకు వెళ్లడం తగ్గించడానికి మోకాళ్ల నొప్పులు ఎంత కారణమో, చెక్‌పోస్టు దగ్గర ఎదురయ్యే ప్రశ్నలు కూడా అంత కారణమై ఉండవచ్చు. ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి.

చోటు నుంచి విడదీస్తే విద్య ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం దూరం వెళ్లనక్కరలేదు. ఈనాడు తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట దీవి ఒకప్పుడు యానాదుల నివాసం. వారు తేనె, దుంపలు, మందు వేర్లు సేకరించి బతికేవారు. రాకెట్ కేంద్రం కోసం ఆ దీవిని తీసుకున్నప్పుడు వారిని బయటి గ్రామాలకు తరలించారు, 1971 అక్టోబరులో అక్కడ మొదటి ప్రయోగం జరిగింది. దేశానికి ఆ కేంద్రం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. కానీ ఇసుక నేలలో, చిత్తడి అంచున పెరిగే మొక్కల మీద ఆధారపడిన మందు తెలిసినవాడిని పొలాల మధ్య కాలనీలో కూర్చోబెడితే, ఆయన దగ్గర మిగిలేది మొక్కల పేర్లు మాత్రమే. అందుకే విద్యను కాపాడాలనుకునేవారు ముందుగా అడవికి వెళ్లే దారిని కాపాడాలని నేను పదేపదే చెబుతుంటాను.

ఆ దారికి చట్టం ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టంలో మూడవ సెక్షన్ చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించుకునే హక్కును ఇస్తుంది. దానితోపాటు జీవవైవిధ్యానికీ, సాంస్కృతిక వైవిధ్యానికీ సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి ఉమ్మడి హక్కు ఉందని కూడా స్పష్టంగా చెబుతుంది. జాతీయ ఉద్యానవనాలకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది. చాలామంది వ్యక్తిగత పట్టాల కోసం ఫారం-ఎ నింపి అక్కడితో ఆగిపోతారు. సామూహిక హక్కుల కోసం ఫారం-బి ఉంటుంది, దానిని గ్రామసభ ద్వారా అటవీ హక్కుల కమిటీకి ఇవ్వాలి. మీ ఊరి యానాది కాలనీ తరఫున మందు మొక్కల సేకరణ హక్కు కోసం ఆ దరఖాస్తు పెట్టించగలిగితే, అది నూరు వీడియోల పెట్టు. యానాదుల కోసం ప్రత్యేకంగా నెల్లూరు కేంద్రంగా ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) పనిచేస్తోంది. పని నత్తనడకన సాగినా కాగితాలకు అక్కడ దారి దొరుకుతుంది.

ఇప్పుడు జ్ఞానాన్ని ఎవరు ఎత్తుకుపోతారన్న ప్రశ్నకు వస్తాను. ప్రాచీన గ్రంథాల్లో ఉన్న మందుల మీద విదేశీ పేటెంట్లను అడ్డుకోవడానికి 2001లో మన ప్రభుత్వం సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టింది. అది ప్రధానంగా ఆయుర్వేదం, సిద్ధ, యునాని వంటి రాతపూర్వక సంప్రదాయాలకు రక్షణ. మీ పెద్దాయన మందు ఏ గ్రంథంలోనూ లేదు, ఆయన నోట ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం కంపెనీ ఏదైనా అలాంటి జ్ఞానంతో వ్యాపారం చేస్తే లాభంలో వాటా ఇవ్వాలి. 2023లో చేసిన సవరణ గ్రంథస్థమైన సంప్రదాయ విజ్ఞానాన్ని వాడుకునేవారికి మినహాయింపు ఇచ్చింది కానీ, నోటిమాటగా ఉన్న జ్ఞానం ఆ మినహాయింపులోకి రాదు. అంటే ఆయన మాటకు ఇంకా చట్టబద్ధమైన విలువ మిగిలి ఉంది. ఒకసారి దానిని ఇంటర్నెట్‌లో పెట్టాక, ఎవరు ఎక్కడి నుంచి తీసుకున్నారో నిరూపించడం దాదాపు అసాధ్యం.

ఈ విషయంలో కేరళలోని కాణి తెగవారి అనుభవం చదవదగినది. 1987లో అగస్త్య కొండల్లో శాస్త్రవేత్తలకు దారి చూపుతూ వెళ్లిన కాణి యువకులు ఏవో కాయలు నములుతూ అలసట లేకుండా నడిచారు. ఆ మొక్కే ఆరోగ్యపచ్చ. తిరువనంతపురంలోని ఉష్ణమండల వృక్ష ఉద్యానవనం దాని నుంచి జీవని అనే మందు తయారుచేసి, 1995లో ఒక ఆయుర్వేద సంస్థకు 10 లక్షల రూపాయల రుసుముకూ, 2 శాతం రాయల్టీకీ ఇచ్చింది. అందులో సగం కాణీలకు చేరేలా 1997లో ఒక ట్రస్టు ఏర్పడింది. ప్రపంచమంతా దీనిని ఆదర్శంగా చెప్పుకుంది. అయితే మందుకు గిరాకీ పెరిగాక అడవిలో మొక్క మీద ఒత్తిడి పెరిగింది, ఆకు సేకరణకు అటవీశాఖ అభ్యంతరం చెప్పింది. చెప్పినవారిలో కొందరికే వాటా అందిందని, తక్కిన కాణీలను ఎవరూ అడగలేదని కూడా విమర్శలు వచ్చాయి. మంచి ఉద్దేశంతో, చట్టానికి ముందే నడుచుకున్నవారికే ఇన్ని చిక్కులు వచ్చినప్పుడు, మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

మరి నమోదు ఎక్కడ చేయాలి? ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. చాలాచోట్ల ఆ రిజిస్టరును ఎవరో వచ్చి రెండు రోజుల్లో నింపి వెళ్లిపోతారు. నేను చూసిన ఒకదానిలో మన కొండల్లో పెరగని మొక్కలు కూడా ఉన్నాయి. మీరు చదువుకున్నవారు కనుక ఆ రిజిస్టరును సరిగా రాయించే బాధ్యత తీసుకోండి. మందు వివరాలను గోప్యంగా ఉంచమని జ్ఞానం ఉన్నవారు అందులో కోరే వీలుంది. మొక్క పేరు, అది పెరిగే నేల, సేకరించే కాలం రాయించి, తయారీని మూసిన కవరులో పెద్దాయన ఇంట్లోనే ఉంచండి. ఆయన గొంతు, ఆయన చెప్పే కథలు రికార్డు చేయాలనుకుంటే చేయండి, కానీ ఆ ఫైలు ఆయన మనవడి దగ్గర ఉండాలి, మీ దగ్గర కాదు.

ఇంతవరకు విద్యను కాపాడటం గురించి చెప్పాను. ప్రాణాలను కాపాడటం గురించి కూడా సూటిగా చెప్పక తప్పదు. పాముకాటు విషయంలో మీ పెద్దాయన మీద గౌరవంతోనే ఈ మాట అంటున్నాను: ఆకు పసరు ఏదీ పాము విషాన్ని విరచదు. మన జిల్లాలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగూ ఉన్నాయి. కాటేసిన పాముల్లో చాలా భాగం విషం లేనివి, విషపుపాము కూడా కొన్నిసార్లు విషం ఎక్కించకుండానే కాటేస్తుంది. అందుకే నాటు మందుతో బతికినవారు ప్రతి ఊరిలోనూ కనిపిస్తారు. విషం ఎక్కినవారికి ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు యాంటీవీనం తప్ప వేరే దారి లేదు. కట్లపాము కాటుకు చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. రాత్రి నేల మీద పడుకున్నవాడు తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, రెప్పలు వాలిపోతున్నాయంటే అప్పటికే ఆలస్యమైనట్టే. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. కాటుకు పైన కట్టు బిగించడం, కాటు దగ్గర గాటు పెట్టడం రెండూ హానికరమే.

ఇందులో ఈశ్వరి వేరు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పాముకాటుకు మన ప్రాంతంలో అందరికన్నా ఎక్కువగా వాడేది అదే. ఆ మొక్కలో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయంగా నిర్ధారించారు. అది ఒక్కరోజులో కనిపించే హాని కాదు కనుక, మందు ఇచ్చినవారికి ఎప్పటికీ తెలియదు. మీ వీడియోలో ఆ వేరు ఉంటే, చూసి తాగినవారి మూత్రపిండాలకు పెద్దాయన కాదు, మీరు జవాబుదారులు. కామెర్లకు కూడా ఇలాంటి హెచ్చరికే ఉంది. కలుషిత నీటి వల్ల వచ్చే కామెర్లు చాలావరకు విశ్రాంతితో, పత్యంతో వాటంతట అవే తగ్గుతాయి. పిత్తనాళంలో రాయి, గడ్డ వల్ల వచ్చేవి తగ్గవు. రెండు వారాలు మందు తాగి కూర్చుంటే రోగి చేయి దాటిపోతాడు.

ఈ మాటలు పెద్దాయనతో ఎలా చెప్పాలి? నా అనుభవంలో వారు మనకన్నా తొందరగా అర్థం చేసుకుంటారు. తలకోన దగ్గర నాకు తెలిసిన ఒక వైద్యుడు, కాటు పడినవారికి పసరు ఇవ్వడం మానేసి, ‘నేను మంత్రం వేశాను, మీరు బండి ఎక్కండి’ అని చెప్పి నేరుగా తిరుపతి రుయా ఆసుపత్రికి పంపేవాడు. ఊరివారికి ఆయన మాట మీద నమ్మకం ఉంది కనుక వాదించకుండా బయలుదేరేవారు. ఆయన మంత్రం ఏం చేసిందో నేను చెప్పలేను కానీ, 108 కన్నా ముందు బండిని కదిలించింది మాత్రం ఆ మంత్రమే. మరో దారి తమిళనాడులో పాములు పట్టే ఇరుళ తెగవారిది. పాముల చర్మాల వ్యాపారం నిషేధించాక జీవనాధారం పోయిన ఇరుళులు 1978లో మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో సహకార సంఘం పెట్టుకున్నారు. పాములు పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదిలేస్తారు. దేశంలో తయారయ్యే యాంటీవీనంకు కావలసిన విషంలో ఎక్కువ భాగం అక్కడి నుంచే వెళ్తుంది. ఆ తెగకు చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. పొలంలో ఎలుక బొరియకు కుండతో పొగ పెట్టి, లోపల ఉన్నది ఎలుకో పామో ముందే చెప్పగల మన యానాదుల నైపుణ్యం దీనికి ఏమాత్రం తీసిపోదు.

విరిగిన ఎముకలకు కట్టే పుత్తూరు కట్టు సంగతి కూడా మీరు మధ్యలో ప్రస్తావించారు. రహస్యం ఉన్నంత మాత్రాన సేవ ఆగదనడానికి అది మంచి ఉదాహరణ. ఈశ్వరాపురంలో రాజుల కులానికి చెందిన ఒక కుటుంబం తరతరాలుగా ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలతో కట్టు కడుతోంది. పసరు ఏమిటో బయటికి చెప్పలేదు, అయినా తమిళనాడు నుంచి కూడా విరిగిన చేతులతో జనం బస్సులు దిగుతూనే ఉన్నారు. ఇప్పుడు ఎక్స్-రే చూసి కట్టు కట్టడం కూడా మామూలైంది. అయితే ఏ నాటు కట్టుకైనా వర్తించే మాట ఒకటి గుర్తుంచుకోండి. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వస్తే, లేదా కట్టు కట్టాక వేళ్లు నీలంగా మారి, తిమ్మిరి ఎక్కి, నొప్పి పెరుగుతూ పోతే, వెంటనే కట్టు విప్పి ఆసుపత్రికి వెళ్లాలి. రక్తప్రసరణ ఆగితే కొన్ని గంటల్లోనే చేయి పోతుంది.

ఇక మీ బంధువుల కలంకారీ. ఇక్కడ పరిస్థితి పూర్తిగా తలకిందులు. శ్రీకాళహస్తి పని పద్ధతి దాచిపెట్టినది కాదు. 1950ల చివర్లో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శిక్షణ కేంద్రం మొదలైనప్పటి నుంచి అది నేర్పుతూ వచ్చిన విద్య. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి వంటి పెద్దలు ఎందరికో నేర్పారు. గాడా అనే ముతక నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల సిరా చెదరకుండా నిలుస్తుంది, కరక్కాయలోని వగరు నల్లరంగుతో కలిసి పట్టుకుంటుంది. ఇనుప తుక్కు, బెల్లం నీటిలో రోజుల తరబడి ఊరవేసి తీసిన నల్లని ద్రవంతో, కొనకు గుడ్డ చుట్టిన వెదురు కలంతో గీతలు గీస్తారు. పటిక పూసిన చోట చిరివేరు, మంజిష్ఠ ఎర్రగా పట్టుకుంటాయి. పసుపు రంగుకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు వాడతారు. ప్రతి దశకూ మధ్య గుడ్డను పారే నీటిలో ఉతకాలి. నిలిచిన నీటిలో ఉతికితే వదిలిన రంగు, పటిక మళ్లీ గుడ్డ మీదే పడి మరకలవుతాయి.

ఇందులో వీడియో తీసి ప్రపంచానికి చూపితే పోయేది ఏమీ లేదు, పైగా లాభం ఉంది. 2005-06లోనే శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చినా, రసాయన రంగులతో స్క్రీన్ మీద అచ్చేసిన చీరలను అదే పేరుతో అమ్ముతున్నారు. కొనేవారికి తేడా తెలియకపోవడమే ఆ మోసానికి మూలం. గుడ్డను తిప్పి వెనకవైపు చూడటం, గీత ఒకచోట లావుగా ఒకచోట సన్నగా ఉందా అని గమనించడం, పాల వాసన చూడటం నేర్పే వీడియో మీ బంధువుల అమ్మకాలకు పనికొస్తుంది. భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుంది కానీ, అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకున్నవారే ఆ పేరు దుర్వినియోగం మీద గట్టిగా అడగగలరు. మీ బంధువులు నమోదు చేసుకున్నారో లేదో ముందు కనుక్కోండి. వారి అసలు కష్టం స్వర్ణముఖి. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయి, ఇసుక తవ్వకాలతో గుంతలు పడిన నదిలో పారే నీరు లేక చాలామంది బోరునీటితో, సిమెంటు తొట్లలో ఉతుకుతున్నారు. బోరునీటిలో ఉప్పు, ఇనుము ఎక్కువైతే రంగు మసకబారుతుంది. ఆ నీటి కథను కూడా వీడియోలో చెప్పమని నా సలహా.

ఇలాగే బహిరంగంగా ఉండి కూడా తరిగిపోతున్న విద్య మన జిల్లాలో ఇంకొకటి ఉంది. ద్రౌపదమ్మ గుడుల దగ్గర జరిగే భారత ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, దుర్యోధనుడి పెద్ద మట్టి బొమ్మ, చివర్లో అగ్నిగుండం ఉంటాయని మీకు తెలుసు. రాత్రంతా పద్యం పాడగల కళాకారులు వయసు మీద పడి తగ్గిపోతున్నారు. వీలైతే కెమెరాను అటు తిప్పండి. వారు సంతోషంగా ఒప్పుకుంటారు.

పెద్దాయన విషయంలో ఆచరణలో ఏం చేయాలో ఇక చెబుతాను. ఆయనను సన్మానించే సభతో మొదలుపెట్టకండి. నాకు తెలిసిన ఒకరికి మూడు సభల్లో మూడు శాలువాలు కప్పారు, చలికాలంలో అవి మేకపిల్లలకు పనికొచ్చాయి. ఆ మూడు సభల్లోనూ ఆయనకు కుల ధ్రువీకరణ పత్రం, పింఛను ఉన్నాయా అని అడిగినవారు ఒక్కరూ లేరు. మీరు ముందుగా ఆ కాగితాలు చూడండి. తరువాత ఆయన మనవళ్లలోనో, కాలనీ పిల్లల్లోనో ఆసక్తి ఉన్న ఒకరిని వెతకండి. ఆడపిల్లలను మరిచిపోకండి, బాలింత మందులు చాలావరకు ఆడవారి దగ్గరే ఉంటాయి. పెద్దాయన భార్యను ఎవరూ అడిగి ఉండరు. నేర్చుకునే పిల్లకు, నేర్పే పెద్దాయనకు అడవికి వెళ్లిన ప్రతి రోజుకూ కూలి లెక్కన డబ్బు ఇవ్వండి. అది మందుకు ధర కాదు, పోగొట్టుకున్న రోజుకు కూలి అని స్పష్టంగా చెబితే ఆయన కట్టుబాటుకు భంగం రాదు, తీసుకుంటాడు. మీరు బెంగళూరులో సంపాదించే దానిలో నెలకు నాలుగు రోజుల కూలి పెద్ద భారం కాదనుకుంటాను. సంప్రదాయ వైద్యులకు భారత నాణ్యతా మండలి (క్యూసీఐ) ఇచ్చే స్వచ్ఛంద ధ్రువీకరణ పథకం ఒకటి ఉంది. కామెర్లు, ఎముకల కట్టు వంటి విభాగాల్లో పరీక్షించి పత్రం ఇస్తారు. అది డాక్టరుగా వైద్యం చేయడానికి లైసెన్సు కాదు కానీ, నేర్చుకునే పిల్లకు రేపటి మీద కాస్త ధైర్యం ఇస్తుంది.

మొదటి ప్రయాణాన్ని కార్తీకంలో పెట్టుకోండి. ఈశాన్య రుతుపవనాల వానలకు అడవి పచ్చబడి, మందు మొక్కల్లో చాలావరకు పూత, కాయ ఒకేసారి కనిపిస్తాయి. కెమెరా వద్దు, ఫోను జేబులోనే ఉండాలి. పాత వార్తాపత్రికలు, రెండు అట్టలు, తాడు, ఇద్దరికి సద్ది తీసుకెళ్లండి. పువ్వో కాయో ఉన్న కొమ్మను మాత్రమే, పెద్దాయన సరేనంటేనే కోసి, కాగితాల మధ్య నొక్కిపెట్టండి. ఆయన పిలిచే పేరును పక్కన రాయండి, దొరికిన చోటును రాయకండి. ఎండిన నమూనాలను శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో ఎండిన మొక్కల నమూనాలను భద్రపరిచే హెర్బేరియంకు తీసుకెళ్తే శాస్త్రీయ నామం చెబుతారు. ఈశ్వరి వంటి ప్రమాదకరమైన మొక్కలు ఏవైనా ఆయన మందుల్లో ఉన్నాయేమో ఆ పేర్లను బట్టి చూసి చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు, ఇక్కడే అడగండి. మందు తయారీ మాత్రం నాకు కూడా చెప్పకండి.